ఎర్ర కారు వెనక సీటు

నా చిన్నప్పుడు మా నాయనకు తిరువళ్ళూరులో, స్టేషనుకు పోయే దారిలో ఒక కుషన్ షాపు ఉండేది. మాది తిరుత్తణి పక్క నేతపని చేసే కుటుంబం. మగ్గం మీద కూడు పుట్టడం కష్టమయ్యాక నాయన లారీలకూ టాక్సీలకూ సీట్లు కుట్టే పనిలోకి దిగాడు. ఆ పని నేర్పినది ఒక ముసలాయన. పాండూరు నుంచి రోజూ బస్సులో వచ్చి మా షాపులోనే కత్తిరించి కుట్టేవాడు. నాయన ఆయన్ను మామా అనేవాడు, నేను పాండూరు తాత అనేదాన్ని. అసలు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మద్రాసు పక్క శోళవరంలో కార్ల పందేలు జరిగే కాలమది. ఒకప్పుడు అక్కడ పరుగెత్తిన ఎర్రకారు ఒకటి మా షాపుకు వచ్చింది. రెండే తలుపులు. పైకప్పు గుడ్డ చినిగి, వాననీళ్ళు కారి వెనక సీటు కుళ్ళిపోయింది. పిల్లలు తప్ప పెద్దవాళ్ళు పట్టనంత చిన్న సీటు అది. మద్రాసు నుంచి వచ్చిన దాని యజమాని, కుట్టు కుట్టుకూ అచ్చం పాతదానిలాగే ఉండాలని మరీమరీ చెప్పిపోయాడు.

తాత ఆ సీటు తోలును ఒక్కొక్క కుట్టే విప్పి, ముక్కలన్నీ నేల మీద పరిచాడు. ఆ పాతముక్కలను కొత్త తోలు మీద పెట్టి గీసుకుంటేనే కొలత దొరుకుతుంది. చక్రం పైన గూనిలా లేచే చోట కప్పే ముక్కలు రెండు. కుడివైపుది కుళ్ళి పొడి అయిపోయింది. ఎడమవైపుది ఒక్కటే మిగిలింది, రెండు పక్కలకూ అదే కొలత.

నాకు అదంతా తెలియదు. అప్పుడు నేను అయిదో తరగతి. పాతతోలు కదా, పారేసేదే అనుకున్నాను. మధ్యాహ్నం తాత అన్నం తిని కాసేపు కునుకు తీసే వేళ, ఆయన పెద్ద కత్తెరతోనే ఆ ఎడమవైపు ముక్కను కోసి, పెన్సిళ్ళు పెట్టుకోవడానికి సంచి కుట్టుకున్నాను. మిగిలిన పీలికలను బల్ల కిందికి తోసేశాను.

సాయంత్రం నాయన అడిగాడు. "మామా, ఎడమపక్క ముక్క యాడ పెట్టినావు?"

తాత వెతికాడు. వంగి వంగి వెతికాడు. చివరికి బల్ల కింద పీలికలు దొరికాయి. వాటిని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"నేనే కోసేసినానేమో నాయనా. చెత్తముక్క అనుకున్నానో ఏమో. కండ్లు సరిగా ఆనడం లేదు."

నాయన కోప్పడలేదు. "సరి, పోనీ మామా" అని ఊరుకున్నాడు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. దెబ్బలకు భయపడ్డాను. పెద్దాయన తనే ఒప్పుకున్నాడు కదా, ఇంకేముంది అని కూడా అనుకున్నాను. ఈ రెండో మాట తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

మరునాడు తాత రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడోనాడు ఆయన కోడలు వచ్చి ఆయన అన్నం క్యారియరు అడిగి తీసుకుంది. ఇక పనికి రాడని చెప్పింది. "కత్తెర ముట్టుకోడంట. రెండు దినాలుగా చేతులు చూసుకుంటా కూసోనుండాడు" అంది మా అమ్మతో.

అది విన్నాక నాకు అన్నం దిగలేదు. సంచి తెచ్చి నాయన ముందు పెట్టాను. కొడతాడనుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముఖం కడుక్కోమని చెప్పి, షాపు మూసేశాడు. ఇద్దరం పాండూరు బస్సెక్కాము.

తాత ఇంటి ముందు తిన్నె మీద కూర్చొని ఉన్నాడు. "నువ్వే చెప్పు" అన్నాడు నాయన. ఏడుస్తూనే చెప్పాను. తాత సంచి తీసుకొని, తోలు అంచు వెంబడి బొటనవేలితో తడిమాడు.

"ఇది నువ్వు కోసిందేనా కణ్ణా? నేను కాదా?"

"నేనే తాతా."

"నిజంగా నేను కాదా?"

రెండోసారి అడిగి తాత తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. అంత పెద్దవాడు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాయన ఆయన పక్కన కూర్చొని, "నేనూ నమ్మేసినా మామా. నీకు కండ్లు పొయినాయని నేనూ అనుకున్నా" అన్నాడు.

మరునాడు తాత వచ్చాడు. కారులో చక్రం మీది గూనిపైన దినపత్రిక పరిచి నన్ను గట్టిగా పట్టుకోమని, దాని మీద బొగ్గుముక్కతో రుద్దాడు. కిందున్న అంచులన్నీ నల్లని గీతలై పైకి తేలాయి. ఆ కాగితాన్నే కొలతగా చేసి కొత్తముక్కలు రెండూ కోశాడు. నన్ను ఒక్కమాట అనలేదు. యజమాని వచ్చి సీటంతా చేత్తో నిమిరి సంతోషంగా వెళ్ళాడు. జరిగిందేదీ ఆయనకు తెలియదు.

కానీ ఆ తర్వాత తాత మునుపటి తాత కాడు. కత్తెర పట్టుకున్న ప్రతిసారీ, "పాపా, గీత మీదనే ఉండాదా చూడు" అని పిలిచేవాడు. నేను పరుగున పోయి చూసి, "ఉండాది తాతా" అనేదాన్ని. ఎప్పుడూ గీత మీదే ఉండేది, ఒక్కసారీ తప్పలేదు. అయినా ఆయన అడుగుతూనే ఉన్నాడు, పని మానుకునేదాకా.

తప్పు ఒప్పుకుంటే అంతా సర్దుకుంటుందని చిన్నపిల్లలకు చెబుతాము. నేను ఒప్పుకున్నాను, నా భారం దిగింది. ఆ మూడు రోజుల్లో ఆయన మనసులో పడిన అనుమానం మాత్రం ఆయనతోనే ఉండిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా వస్తువు కనపడక, ఎవరైనా "నేనే ఎక్కడో పెట్టేసినానేమో" అని గొణుక్కుంటే నాకు కాలు నిలవదు. చేతిలో పని వదిలేసి లేస్తాను. వాళ్ళతో పాటు మంచాల కిందా, మూటల్లో, చెత్తలో వెతుకుతాను, అది దొరికేదాకా.