చూడకుండా రాసిన చీటీలు

అదిగో, మీరూ డాక్టరునే తిడుతున్నారు. తిట్టండి, తప్పులేదు. కానీ ఫినాయిలమ్మ సంగతి కూడా విని తిట్టండి.

ముప్ఫై ఏళ్లుగా ఆమె ఒకే క్లినిక్‌లో నేల తుడుస్తోంది. చేతులకు ఎప్పుడూ ఫినాయిలు వాసనే, అందుకే ఆ పేరు. అక్కడి డాక్టరుకు ఓ అలవాటుంది. పొద్దున్నే టీ తాగుతూ, ఒక్క రోగీ రాకముందే, చీటీల కట్ట మీద ఒకటే మందు రాసి సంతకాలు పెట్టేస్తాడు. జలుబైనా దగ్గైనా అదే యాంటీబయాటిక్ సిరప్. బల్ల తుడుస్తూ ఆ కట్టను చూసి, మా సారు ఎంత చురుకో అని ఆమె మురిసిపోయేది.

మనవరాలు పుట్టాక ఆ కట్ట ఇంటి వైద్యమైపోయింది. పాప తుమ్మితే చాలు, ఓ చీటీ లాగి బొడ్లో దోపుకొచ్చేది. పనినుంచి వచ్చిన కోడలు అడిగితే, "సారుకి చూపించే తెచ్చానే" అనేది. సారు ఆ పాప మొహమే ఎరగడు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు, ఉబ్బసం. ఆయాసం వస్తే నానమ్మ గుండెకు ఆనుకుని కూర్చుంటే తప్ప కన్ను మూయదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆరా తీసింది. "పొట్టలో మంచి సూక్ష్మజీవులుంటాయమ్మా. ఏది శత్రువో ఏది కాదో పసి ఒంటికి నేర్పేవాటిలో అవీ ఉన్నాయి. ఆ సిరప్‌లకి అవి కూడా చస్తాయి. ఇదే కారణమని చెప్పలేను. కానీ ఎన్నిసార్లు పోశారో తెలియాలి, పాత చీటీలుంటే తెండి. పీల్చే మందు మాత్రం ఆపకండి."

కోడలు భగ్గుమంది. "ఇన్నిసార్లు పోయించింది ఎవరైనా సరే, ఇక నా బిడ్డని తాకనివ్వను!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనే వెళ్లి ఆ డాక్టర్ని కడిగేస్తా" అంది ఫినాయిలమ్మ. మర్నాడు చీపురు పక్కన పడేసి నిలదీసింది.

"ఏం సారూ, ముక్కు కారితే చాలు ఆ సిరపేనా? పొట్టలో మంచి క్రిములు చస్తాయంట!"

"పొట్టకీ ఊపిరికీ ఏంటి సంబంధం? నువ్వెప్పుడు చదివావు డాక్టరీ?"

"మీరెప్పుడు మానేశారు సారూ, చదవడం?"

ఆయన మొహం కందగడ్డయింది. "నీ మనవరాల్ని నేనెప్పుడైనా చూశానా? కట్టలో చీటీలు తగ్గడం నాకు తెలీదనుకున్నావా? పోనీలే అని ఊరుకున్నా. పిలువు మీ కోడల్ని, ఆమె ముందే తేల్చుకుందాం!"

"తెలిసీ ఊరుకున్నారా?" అంటూ పడేసిన చీపురు మళ్లీ అందుకుంది.

మందుల షాపువాడు ముద్ర కొట్టి తిరిగిచ్చిన చీటీలు పౌడరు డబ్బాలో భద్రంగానే ఉన్నాయి. పంతొమ్మిది. సోమవారం డబ్బాను సంచీలో వేసుకుని ఒక్కతే పెద్దాసుపత్రికి వెళ్లింది. పాప పేరు రాయించి డాక్టరమ్మ గది ముందు కూర్చుంది. ఆయా పాప పేరు పిలిచింది. రెండోసారీ పిలిచింది.

ఫినాయిలమ్మ లేచి, సంచీ చంకలో నొక్కిపట్టి, మెట్లు దిగింది. పాపకు ఆయాసం వచ్చే వేళయింది, ఇంటికెళ్లాలి.