లవంగం నోట్లో పెట్టుకున్న టీచరు గారు

మొన్న దవడ పన్ను సలుపుతుంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక, మసాలా డబ్బాలోంచి ఒక లవంగం తీసి పంటి కింద పెట్టుకున్నాను. లవంగం నిలవాలంటే నోరు మూసుకోవాలి. నేను నోరు మూసుకోవడమంటే మా ఇంట్లో పండగే. "ఇవాళ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా జానూ?" అని మా ఆయన పేపరు చాటునుంచి మా అమ్మాయితో అననే అన్నారు. ఆ లవంగం ఘాటు నాలిక మీంచి ముక్కుకెక్కేసరికి నాకు లెక్కలు చెప్పిన మాణిక్యాంబ టీచరు గారు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది.

ఆవిడ అప్పుడే గుర్తుకు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. జాను మా అమ్మాయి, ఎనిమిదో తరగతి, భీమవరంలో ఒక ప్రైవేటు స్కూలు. పేరెందుకు లెండి, అన్నీ ఒకటే. దాని పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: పైన వెడల్పు, కింద సన్నం ఉన్న బొమ్మ ఇచ్చి వైశాల్యం కనుక్కోమన్నారు. మా రోజుల్లో దాన్ని సమలంబ చతుర్భుజం అనేవాళ్ళం. జానుకి సూత్రం గుర్తురాలేదు. బొమ్మలో నిలువుగా రెండు గీతలు గీసి, మధ్యలో పెట్టెలా ఒకటీ, అటూ ఇటూ రెండు త్రిభుజాలూ చేసి, మూడూ కలిపి జవాబు రాసింది. జవాబు సరిగ్గానే వచ్చింది. మార్కులు మాత్రం సున్నా, పక్కన ఎర్ర సిరాతో పెద్ద గుండ్రం. ఆ గీతలు గీయమని నేను నేర్పలేదు, ఒట్టు. నేర్పకుండా వచ్చింది కాబట్టే నాకంత ఒళ్ళు మండింది.

వెళ్ళి దెబ్బలాడాను. ఆ టీచరు పాతికేళ్ళ పిల్ల, గొంతు అరిగిపోయి ఉంది. "ఆన్సరు రైటేనండి మేడమ్. కానీ ఆన్సరు కీలో స్టెప్పులు అలా లేవండి. సాయంత్రానికి అందరి మార్కులూ ఎక్కించెయ్యాలండి," అంది. తిట్టడానికి వెళ్ళినదాన్ని ఆ పిల్ల మొహం చూసి సగంలో ఆగిపోయాను. తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనకాల కూర్చుని జాను అంది కదా, "నీకెందుకమ్మా గొడవ? ఇకమీదట మెటీరియల్లో ఎలా ఉంటే అలాగే రాసేస్తాలే. నువ్వు స్కూలుకి రానక్కర్లేదు." చాలా మామూలుగా అంది. అదే నన్ను భయపెట్టింది. ఏడిస్తే బాగుండేది, పోట్లాడితే ఇంకా బాగుండేది. నా కడుపున పుట్టి పోట్లాడకపోవడమేంటండీ?

మాణిక్యాంబ టీచరు గారు పొట్టి మనిషి, జరీ లేని నేత చీర, భుజాన గుడ్డసంచి, అందులో ఒక చిన్న రేకు డబ్బీ, డబ్బీ నిండా లవంగాలు. మా ఊరు కాలవ గట్టున. ఆవిడ ఏడో తరగతిలో మాకు లెక్కలు చెప్పేవారు. పాఠం చెప్పినంతసేపూ గలగలా మాట్లాడే మనిషి, మాలో ఎవరైనా లెక్క తప్పుదారిన పట్టించగానే డబ్బీ మూత తీసి ఒక లవంగం నోట్లో వేసుకునేవారు. ఇక అంతే, ఆవిడ నోరు తాళం పడ్డట్టే. డబ్బీ మూత టక్కుమందంటే క్లాసంతా ఉలిక్కిపడి పుస్తకాలు మళ్ళీ మొదటినుంచి చూసుకునేది. ఎవరిది తప్పో ఆవిడ చెప్పేవారు కాదు. ఎక్కడ తప్పో అసలే చెప్పేవారు కాదు.

అందరూ అలాంటివాళ్ళే ఉండేవారని నేను కోతలు కొయ్యను. పక్క క్లాసులో హిందీ మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టి, కొత్త బెత్తం మళ్ళీ మాచేతే తెప్పించేవారు. ఆ రోజులే బంగారం అని ఎవరైనా అంటే ముందు ఆయన కొట్టిన దెబ్బలు నా చేతిలో వెతకమంటాను. నేను చెప్పేది ఒక్క మనిషి గురించి.

ఒంటిపూట బడుల రోజులు. ఇంట్లో చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని, కొత్తావకాయ చేతివేళ్ళకి ఇంకా ఎర్రగా అంటుకుని ఉండగానే బడికి పరిగెట్టే ఆ ఎండాకాలంలో ప్రతి ఏడూ కాలవ కట్టేసేవారు. రెండు రోజుల్లో నీళ్ళు దిగిపోయి, అడుగు నల్లటి ఒండ్రుతో, ఆల్చిప్పలతో, మడుగుల్లో కొట్టుకునే చిన్నచిన్న కట్టపరిగె చేపలతో బయటపడేది. ఏడాదంతా భయంగా చూసిన కాలవలోకి దిగి తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకుని ఆడుకుంటుంటే, కొంగలు మాతోపాటే తిరిగేవి, బురద వాసనా గట్టుమీది తాటిముంజల వాసనా కలిసి గాలి తియ్యగా కుళ్ళినట్టుండేది. ఆ ఏడు టీచరు గారు క్లాసు మొత్తాన్ని కాలవలోకి దింపి, "ఇది నిండుగా పారితే ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పండి," అన్నారు. పైన వెడల్పు, కింద సన్నం, ఇటూ అటూ వాలు గట్లు. పుస్తకంలో బొమ్మ మేం అందులో నిలబడి చూశాం.

కొలవడానికి మా గుంపుకి తాడు నేను తెచ్చాను. అట్లతద్దికి తెల్లారకముందే లేచి గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ వేసుకుని తిని ఊరంతా తిరిగొచ్చి ఊగుతామే, ఆ ఉయ్యాల తాడు, బొటనవేలంత లావు కొబ్బరి తాడు, అటక మీంచి దింపాను. బళ్ళోని మీటరు కర్ర పక్కన తాడు పరిచి, ప్రతి మీటరుకీ బొగ్గుతో గుర్తు పెట్టి, బొగ్గు చెరిగిపోతుందని తెలివిగా ప్రతి గుర్తు దగ్గరా ఒక ముడి వేశాను. దాన్ని ఈ గట్టునుంచి ఆ గట్టుకి లాగి పట్టుకుంటే పన్నెండున్నర ముడులు వచ్చాయి. పన్నెండున్నర మీటర్లు అని నేను గట్టిగా అరిచాను.

నా స్నేహితురాలు వెంకటలక్ష్మి ఇంకో గుంపు. అది పక్కనే ఉన్న వంతెన పిట్టగోడ మీద మీటరు కర్రే తిప్పుకుంటూ వెళ్ళి పది మీటర్లంది. "కర్ర జారిపోయుంటుంది, నీకు చేతకాదు," అన్నాను. "నీ తాడే తాగేసి ఉంటుంది," అంది. టక్కుమని డబ్బీ మూత. నేను వెంకటలక్ష్మి వైపు జాలిగా చూశాను.

మూడు రోజులు. మూడు రోజులు నేను నా పన్నెండున్నరని వదల్లేదు. వంతెన దగ్గర కాలవ సన్నమన్నాను, కర్ర అరిగిపోయిందన్నాను, వెంకటలక్ష్మికి లెక్కపెట్టడం రాదన్నాను. టీచరు గారు అన్నీ విని లవంగం ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకునేవారు. ఇంటికొచ్చి తాతయ్యకి చెప్తే, పొలం పనులన్నీ తాడుతోనే కొలిచే మనిషి, నా తాడు చేతిలోకి తీసుకుని ఒక్క ముడి తడిమి చూసి నవ్వాడు. "కాలవ పెరిగిందేంటే అమ్మడూ? పెరగనీ, మన చేలకి నీళ్ళు బాగా వస్తాయి," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలా ఏళ్ళకి తెలిసింది. ముందురోజే టీచరు గారు మా గుమ్మంలోకి వచ్చి ఆయనతో అన్నారట, "మీరు చెప్పేయకండి బాబాయిగారూ. అది దాని తప్పు. దాని దగ్గరే ఉండనివ్వండి."

మూడోరోజు సాయంత్రం నూతి దగ్గర చేదతాడు పుటుక్కున తెగింది. అమ్మ విసుక్కుంటూ రెండు ముక్కలూ కలిపి ఇంత ముడి వేసి బొక్కెన దింపితే, పొద్దున అందిన నీళ్ళు ఇప్పుడు అందలేదు. బొక్కెన నీళ్ళకి జానెడు పైన ఊగుతూ ఉంది. "ముడి తినేసింది," అంది అమ్మ, ఎవరితోనో కాదు, బొక్కెనతో.

నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. టీచరు గారు వీధరుగు మీద బియ్యం చెరుగుతున్నారు. రొప్పుతూ చెప్పాను: గుర్తులు పెట్టాక ముడులు వేశాను, ప్రతి ముడీ తాడుని తినేసింది, నా మీటరు మీటరు కాదు. ఆవిడ చేట పక్కన పెట్టి, నోట్లోంచి లవంగం తీసి అవతల పారేశారు. మెచ్చుకుంటారనుకున్నాను. "ఒక్కో ముడి ఎంత తింది?" అన్నారు.

ఆ ముడులు విప్పడానికి నాకు, వెంకటలక్ష్మికి, ఒక పూటంతా పట్టింది. కొబ్బరి పీచు గోళ్ళల్లో దిగి రక్తం వచ్చింది. ముడికి జానెడు లెక్క తేలి, అవన్నీ తీసేస్తే పది మీటర్లు వచ్చినప్పుడు వెంకటలక్ష్మి నన్ను వెక్కిరించలేదు. అదే ఎక్కువ మండింది. తరవాత గట్ల అడుగునుంచి నిలువుగా రెండు కర్రలు పాతుకుని, మధ్యలో పెట్టె, పక్కన రెండు త్రిభుజాలు అని వైశాల్యం కట్టాం. వానలకి ముందు కాలవ వదిలినప్పుడు ఎర్రటి నీళ్ళు చెత్తనీ ఎండుటాకుల్నీ తోసుకుంటూ వస్తుంటే, గట్టుమీద నిలబడి అవి మా లెక్క ప్రకారమే వస్తున్నట్టు చూశాం.

అవే రెండు గీతలు నా కూతురు తనంతట తను గీస్తే సున్నా వేశారు.

పోయిన ఆదివారం బజారుకెళ్ళి కొబ్బరి తాడు కొనుక్కొచ్చాను. దాంతో డాబా పొడవు కొలవమన్నాను. "ఫోన్లో కొలిచే యాప్ ఉందమ్మా," అంది జాను. ఫోను లాక్కుని టేపుముక్క ఒకటి ఇచ్చాను, సరిగ్గా మీటరు. అది కాసేపు గొణిగి, తర్వాత వంగి, తాడు మీద సుద్దతో మీటరు మీటరుకీ గుర్తులు పెట్టుకుంటూ పోయింది. గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే చెవి వెనక్కి తోసుకుంటూ, నాలిక కొంచెం బయటపెట్టి, తనకి తెలియకుండానే నేను చిన్నప్పుడు ఎలా ఉండేదాన్నో అలా కనిపించింది. సుద్ద చెరిగిపోతోందని తనే అనుకుని మొదటి గుర్తు దగ్గర ముడి వేసింది.

నేను కొంగున ముడేసుకున్న లవంగం తీసి నోట్లో పెట్టుకున్నాను.

రెండో ముడి. మూడో ముడి. లవంగాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకున్నాను. ఆవిడ మూడు రోజులు ఆగారు, నలభై మంది పిల్లల్ని పెట్టుకుని. నాకున్నది ఒక్కతే. కింద కుక్కరు కూత పెట్టింది, రేపు దానికి మళ్ళీ పరీక్ష, ఇంకా రెండు పాఠాలు చదవాలి, ఎండ కాలుస్తోంది. నాలుగో ముడి బిగించి, అది తాడెత్తి డాబా అంచుకి నడవబోయింది.

"ముడి తాడుని తినేస్తుందే పిచ్చిమొహమా! ముందు ముడులేసి తర్వాత కొలవాలి!"

లవంగం పళ్ళ మధ్య విరిగి నోరంతా భగ్గుమంది. జాను తాడు వదిలేసింది. కోపంగా కాదు, స్కూలు నుంచి వచ్చిన రోజు బండి మీద మాట్లాడినట్టే మామూలుగా అంది: "సరే. ఒక్కో ముడికి ఎంత తీసెయ్యాలో అది కూడా చెప్పెయ్యమ్మా. రాసేసుకుని కిందికి పోతాను."

అంతే చెప్పాను కూడా. జానెడు, అన్నాను. రాసుకుని వెళ్ళిపోయింది.

మాణిక్యాంబ టీచరు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రేకు డబ్బీ ఏమైందో వాళ్ళ పిల్లలకే తెలీదు. మా ఊళ్ళో కాలవ గట్లకి సిమెంటు పోశారు, చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి, కాలవ కట్టేసినా అందులోకి దిగే పిల్లలెవరూ లేరు. స్కూళ్ళని, మెటీరియల్ని, ఆ గొంతరిగిన పిల్లని నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. తిడతాను కూడా. కానీ డాబా మీదికి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా ఆ తాడు కాలికి తగులుతోంది. నాలుగు ముడులతో అక్కడే పడి ఉంది. జానుని విప్పమని అడగలేకపోతున్నాను. నేనూ విప్పలేదు.