మామ కాలి కింది నేల

మా మామ తాండూరు గనుల్లో ముప్పై ఏళ్లు నాపరాళ్లు తీశాడు. నా భార్యకు సెలవు దొరక్కపోతే, లడఖ్ పోయే నా బైకు వెనక డేరా మూట ఒళ్లో పెట్టుకుని ఆయన ఎక్కాడు.

వికారాబాద్ దాటినప్పటి నుంచి ఆగిన ప్రతి ధాబాలోనూ మడమతో నేల తట్టి, "మనది కాదు" అని తేల్చేవాడు. తొమ్మిదో రోజు మనాలి దాటాక ఒకచోట టీకి ఆగాం. నేల తట్టాడు. వంగి అరచేత్తో నిమిరాడు. వెళ్లి చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"అల్లుడా, గిది మన తాండూరు బండనే."

దాని మీదే గంటసేపు నిద్రపోయాడు. లేచాక హెల్మెట్ అందించాను.

"మన బండ ఏడిదాక వచ్చిందో చూసిన. ఇగ ఇంటికి పోదాం."

"మామా, మంచు ఇంకో రెండు గంటలే."

"మంచు మీద ఇల్లు కడ్తరా?"

బైకు తిప్పాను. మామ పోయి రెండేళ్లయింది. నేనింకా మంచు చూడలేదు.