పందేల ఎర్రిస్వామి

పందెం కాసేవాణ్ణి ఆపాలా, వాడి ఇష్టానికి వదిలేయాలా? ఇన్ని పుస్తకాలు తిరగేసినా, డెబ్బై దాటినా, నాకు జవాబు దొరకలేదు. మా ఎర్రిస్వామి మాత్రం పందెం కాయకుండా మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. కొళాయి దగ్గర నిలబడి, "ఈ బిందె నిండేలోపల నీళ్ళు నిలిచిపోతాయి, పందెమా?" అనేవాడు.

ఒకసారి నల్లమబ్బును చూపించి, కురుస్తుందని మీసం పందెం కట్టాడు. మా కరువు సీమలో, బెళుగుప్ప వైపు మబ్బును నమ్మినవాడికి మీసం మిగులుతుందా? సగం మీసంతో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు.

"ఇదేం అవతారమన్నా?" అంటే, "మిగతా సగం రేపటి మబ్బు మీద పెట్టినా," అన్నాడు.

ఆయన భార్య చిన్నక్క నిట్టూర్చేది. "మా పెళ్ళి గూడా పందెమే సార్. నేను ఒప్పుకోనని కాసినాడంట. ఓడినాడు."

ఇంతలో మా వీధి ఓబులేసు ఫోన్లో డబ్బు పెట్టి పేకాడి, ఉన్న గొర్రెలన్నీ పోగొట్టుకున్నాడు. "నువ్వు మానితేనే వస్తా," అని భార్య నాగలక్ష్మమ్మ పామిడిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. పెద్దలు కూర్చున్నారు.

"ఆ ఫోన్ పగలగొట్టండప్పా," అన్నాడు పుల్లన్న.

"వాని దుడ్లు, వాని ఇష్టం. మనమెవరు?" అన్నాడు హనుమంతరాయుడు.

ఎర్రిస్వామి లేచాడు. "శెనక్కాయ పీకేదాకా వీడు ఆడకుండా ఉండలేడు. ఉంటే నా గొర్రెలు రెండు వానివి. ఆడితే ఫోన్ నాది. పందెమా?"

అందరూ తలలు పట్టుకున్నారు. ఓబులేసుకు మాత్రం రోషమొచ్చింది. "పందెమే!"

ఆనాటి నుంచి ఎర్రిస్వామి నన్ను సాక్షిగా లాక్కుని రోజూ ఓబులేసు ఇంటికి పోయేవాడు.

"ఇంగా ఓడలేదేమప్పా?"

"నీ గొర్రెలు నా దొడ్డికొచ్చేదాకా ఓడను, పో అన్నా!"

అలా తిట్టుకుంటూనే ఇద్దరూ సంగటి తినేవాళ్ళు. "పందెం మనిషితో కాయాల సార్," అనేవాడు ఎర్రిస్వామి నాతో. "ఓడితే ఎదురుగా నవ్వేదానికి ఒక మొగముండాల. ఆ ఫోన్లో మొగం యాడుండాది?"

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఓబులేసు మాకు వీపు పెట్టి ఫోన్లో పేకముక్కలు కదుపుతున్నాడు. ఎర్రిస్వామి గెలవడం తొలిసారి చూడబోతున్నాననుకున్నాను. ఆయన నా చేయి పట్టుకుని మలుపు దాకా వెనక్కి లాగాడు. అక్కణ్ణుంచి వీధి కుక్కలన్నీ లేచేటట్టు దగ్గుతూ మళ్ళీ వచ్చాడు. ఫోన్ మాయమైంది.

"ఇంగా ఓడలేదేమప్పా?"

"లేదన్నా," అన్నాడు ఓబులేసు, తలెత్తకుండా.

శెనక్కాయ పీకారు. ఎర్రిస్వామి రెండు గొర్రెలను తోలుకొచ్చాడు. కబురంది వచ్చిన నాగలక్ష్మమ్మ చేతిలో సంచి దించకుండా గడపలో నిలబడింది.

ఓబులేసు తాడు అందుకోలేదు. "వద్దన్నా. ఒక దినం ఆడినా."

"ఆడలేదు."

"ఆడినానంటే!"

"ఆడలేదని ఇప్పుడు ఇంగో పందెం. సాక్షి ఈడనే ఉండాడు. ఏం సార్, చూసినారా?"

"ఆ రోజు కళ్ళద్దాలు మరిచిపోయాను," అన్నాను.

నాగలక్ష్మమ్మ మా ముగ్గురినీ చూసి, మొగుడి వైపు తిరిగింది. "ఒక్క దినమేనా?"

"ఒక్క దినమే. అడక్కముందే చెప్తాండా గదా."

ఆమె సంచి లోపల పెట్టి, గొర్రెలకు నీళ్ళు తెచ్చింది. "అన్నా..." అని ఓబులేసు తలెత్తేసరికి, చెప్పాపెట్టకుండా ఎర్రిస్వామి వీధి చివరికి చేరుకున్నాడు. ఓడిన మనిషి అంత హుషారుగా నడవడం నేనెక్కడా చూడలేదు.