గెడ్డ దగ్గర మూడో పాక

విశాఖపట్నం పాతపేట కొండలు చూడ ముచ్చటగా ఉంటాయని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి అవతలికి పోతాను. ఆ మెట్లన్నీ నేనెక్కినవే. మోకాళ్ల నొప్పుల తల్లిని వెంటేసుకొని మూడు రోజులు ఎక్కాను.

యాభైలలో మాట. కోయిలకుంట్ల పక్కన మా ఊరికి వరసగా వానలు ముఖం చాటేశాయి. చదువురాని మా అన్న విశాఖపట్నం ఓడరేవులో మూటలు మోయడానికి పోయాడు. నేను బళ్లో అయ్యవారిని. ఒకనాడు ఎవరి చేతనో రాయించిన కార్డు వచ్చింది. "జ్వరం తగ్గడం లేదు. అమ్మను చూడాలని ఉంది. బేగి తీసుకురా. కొండల పక్కన, గెడ్డ దగ్గర మూడో పాక." చదివి వినిపించాను. అమ్మ ఆ పూటే సద్ది కట్టింది.

రైల్లో కార్డు మళ్లీ తీశాను. గెడ్డ ఏమిటి, గడ్డ కదా! మా సీమలో గడ్డ అంటే మిట్ట, ఎత్తైన చోటు. పల్లెల్లో నోటితో గెడ్డ అంటారు సరే, రాసేటప్పుడూ అట్లాగే రాస్తారా అని విసుక్కున్నాను. అయ్యవార్ల రోగం మరి. కలం తీసి, ఎత్వం చెరిపి, తలకట్టు దిద్దాను.

ఊళ్లో దిగాక ఎదురైన ప్రతివాడికీ ఆ కార్డు చూపించాను. గడ్డ అంటే ఎత్తు మీద అని అర్థం కూడా నేనే చెప్పాను. ఎత్తు అంటే కొండలే అని పైకి చూపించారు. సముద్రం పక్కన ఒకదాని వెంట ఒకటి మూడు కొండలు. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మెట్లే వీధులు. తెల్లదొరలు కట్టుకొని వదిలిపోయిన మిద్దెల్లో గోడకొక కాపురం, పెంకులు రాలిన వసారాల్లో ఎండుచేపలు, వాకిట్లో దగ్గుతున్న ముసలివాళ్లు. ఎక్కడ పాకలు కనిపిస్తే అక్కడ మూడోదాని తలుపు తట్టాను. అన్న లేడు.

అమ్మ సముద్రాన్ని చూడటం అదే మొదలు. ఆడవాళ్లు బిందెలతో మెట్లెక్కుతుంటే వాళ్లనూ చూసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకొని ఈళ్లు యాడనుంచో మోస్తాండారేమిరా?"

"అవి ఉప్పునీళ్లుమ్మా."

"అట్లయితే మనకంటే ఏం బాగుండారు?" అని మెట్టు మీద కూలబడింది. "ఇంగా ఎంత దూరముండాది నాయనా? వాడు శానా ఎదురుచూస్తాంటాడు."

దారిలో ఆమె ఎవరినైనా అడగబోతే నేను కసురుకున్నాను. "నువ్వు గమ్మునుండుమ్మా, నేను అడుగుతాండా కదా!" ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకున్నాం. మరునాడంతా రెండో కొండ. మూడోనాడు పొద్దున్నే మూడో కొండ ఎక్కాం. నేను ఒక మిద్దె వెనక పాకలు లెక్కపెడుతుండగా, అమ్మ బిందె దించుకున్న ఒక ముసలామెను పట్టుకుంది.

"గెడ్డ కాడ మూడో పాకంట తల్లీ. నా కొడుకుండాడు."

"గెడ్డ కొండమీనెందుకుంటాది? గెడ్డంటే ఏరు కదేటి. అదిగో, ఆ కిందన పారతన్నాదే, అదే గెడ్డ" అంది ఆమె.

కొండల అవతల, రైలు కట్ట పక్కన, సన్నగా నల్లగా ఏరు. ఒడ్డున తాటాకు పాకలు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నా కోసమే పుట్టిన సామెత. అమ్మను దాదాపు ఎత్తుకొని దిగాను.

మూడో పాక ముందు నలుగురు కూలీలు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు కార్డు రాసినవాడట. నన్ను చూసి తల దించుకున్నాడు. "తెల్లారగట్ల పోయాడు బాబూ. నిన్న సందేళ దాకా మాట ఉంది. అమ్మొచ్చిందేటి, అమ్మొచ్చిందేటి అని ఒకటే అడిగాడు."

నిన్న సందేళ మేము రెండో కొండ మీద, పిలిస్తే వినబడేంత దూరంలో, ఎవరివో తలుపులు తడుతున్నాం. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. జేబులో కార్డును నలిపి పిడికిట్లో పట్టుకున్నాను.

అమ్మ లోపలికి పోయి అన్న తలను ఒళ్లో పెట్టుకుంది. వాడి నుదుటి మీద వెంట్రుకలు తీస్తూ, వాడితోనే చెప్పింది:

"నీ తమ్ముడు సదువుకున్నోడు కాబట్టి నన్ను ఇంత దూరం తోడుకొనొచ్చినాడు నాయనా. వాడే లేకుంటే నీ మొగం గూడా సూసుకోకపోదును."

కూలీలు నావైపు గౌరవంగా చూశారు. నేను నోరు తెరవలేదు. ఆమె బతికినన్నాళ్లూ తెరవలేదు.