జిగురు కలపని రంగు

మా వీధి రంగుల మేస్త్రీకి నోటి దురుసు. నియంతను నాలుగు తిట్టనిదే బ్రష్షు తడపడు. అందులో తప్పేం లేదు లెండి. కరపత్రాలు పంచాడని సొంత అన్నను ఏళ్ల తరబడి జైల్లో కుక్కితే ఎవరైనా తిడతారు.

సముద్రం అవతలి పెద్ద దేశం విమానాలు పంపి మా నియంతను దించుతానని ప్రకటించిన రోజున వాళ్లింట్లో పెద్ద గొడవైంది.

"రానీ! మన వల్ల కాలేదుగా, ఎవరు దించితేనేం?" అన్నాడు మేస్త్రీ.

"ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? పైనుంచి పడే బాంబుకి మంచోడెవడో చెడ్డోడెవడో ఏం తెలుసు?" అంది అతని పనిలో రంగులు కలిపే భార్య.

"తెలుస్తుందే పిచ్చిదానా. ఆస్పత్రుల జోలికి రామని కూడా చెప్పారు."

ఆ మాట నియంత కూడా విన్నాడు. మర్నాడే ఒక సైనికాధికారి వచ్చి, ఆయుధాల గోదాము ఏటవాలు కప్పు మీద ఆస్పత్రి గుర్తు, పెద్ద ఎర్ర ప్లస్సు, వేయమన్నాడు. కాదంటే జైల్లో చోటుందన్నాడు.

"జిగురు వేయకు," అన్నాడు మేస్త్రీ భార్యతో. జిగురు లేని రంగు ఎండలో కళ్లు చెదిరేలా ఉంటుంది, వాన పడితే నీళ్లతో పాటే పోతుంది. అప్పుడు విమానాలకు గోదాము గోదాములాగే కనిపిస్తుంది. వెధవకు ఎంత ధైర్యమో! తర్వాత తెలిసి నాకు ముచ్చటేసింది.

ఆకాశం మబ్బు పట్టిన సాయంత్రం అతని వదిన వచ్చింది, అన్నను చూసి తిన్నగా. ఎన్నాళ్లకో ఆమె మొహంలో నవ్వు.

"మీ అన్నయ్యకి ఇక భయం లేదబ్బాయ్! ఖైదీలందర్నీ ఆ గోదాములోకి మార్చారు. కప్పు మీద ఇంత ఎర్ర గుర్తుంది. విమానాలు దాని జోలికి రావుట!"

ఆ రాత్రి కుండపోతగా వాన కురిసింది.

తెల్లారగానే మేస్త్రీ వెళ్లి అధికారి కాళ్లు పట్టుకున్నాడు. కక్కుర్తిపడి నాసిరకం రంగు వాడానని చెప్పి చెంపలు వాయగొట్టించుకున్నాడు. మళ్లీ ఊరికే వేస్తానని బతిమాలి కప్పెక్కాడు. నియంత ఆయుధాలను అంత శ్రద్ధగా కాపాడినవాడు సైన్యంలో కూడా ఉండడు.

కింద నిచ్చెన పట్టుకున్న భార్య గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు చెప్పు. విమానాలు రావాలా, వద్దా?"

అతను ఆకాశం వైపు ఒకసారి చూసి ఖాళీ డబ్బా కిందికి దించాడు.

"జిగురు ఇంకాస్త పొయ్యి."