మూడో రకం కాయ

తొమ్మిదో తరగతికి నేను మదనపల్లెలోని ఒక పేరున్న బడిలో చేరాను. మా పల్లె బడిలో ఎన్నడూ మొదటి ర్యాంకు తప్పని నాకు అక్కడి తొలి పరీక్షలో నలభై ఒకటవ ర్యాంకు వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు మీద ఇంటివారి సంతకం కావాలన్నారు. సంతకం రాని మా అమ్మ చేత వేలిముద్ర వేయించుకోవడానికి పుంగనూరు బస్సెక్కి, కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చున్నాను.

పక్కన కూర్చున్న పెద్దాయన మార్కెట్టులో టమోటాలు అమ్మి, ఖాళీ గంపలతో ఊరికి పోతున్న రైతు. "యాల అప్పా ఏడస్తాండావు?" అని అడిగారు. దాచకుండా చెప్పాను.

ఆయన నవ్వారు. "నా కత ఇనప్పా. మా ఊర్లో నా కాయను మెచ్చుకోని మనిసి లేడు. ఈడ మండీలో సూస్తానే మూడో రకమనేసిరి. పక్క కుప్పలు సూసినాక నాకే సిగ్గేసె."

"మరి ఇంట్లో ఏమని చెబుతారు?"

"దర పడిపోయిందని సెప్తా. కాయ బాగలేదని మాత్రం సెప్పను. నీళ్లు మోసి పెంచింది మా ఇంటామె గదా."

ఆ తరువాత పుంగనూరు వచ్చేదాకా ఆయన నవ్వలేదు.

నేను ఆయన పేరైనా అడగలేదు. ఇంటికి పోయి, ఆయన చూపిన దారిలోనే పరీక్ష అందరికీ కష్టంగానే వచ్చిందని అమ్మతో చెప్పాను.

సిరా పూసుకున్న బొటనవేలిని కార్డు మీద ఆనించబోయి, అమ్మ ఆగి నా ముఖంలోకి చూసింది.

"అందురికీ కష్టమైతే, నువ్వొకడివే యాల నాయనా ఇంతగా ఏడ్సినావు?"